బిల్లు కట్టేసిన అమ్మాయి

నైరోబీలో ఉన్నప్పుడు మేం నాలుగైదు కుటుంబాలం కలిసి పశ్చిమ కెన్యాలోని సియాయా వైపు పల్లెల పిల్లలకు సెకండరీ స్కూలు ఫీజులు కట్టేవాళ్లం. కెన్యాలో 2003 నుంచి ప్రైమరీ చదువు ఉచితం. 2008 నుంచి సెకండరీలో ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే భరిస్తోంది. కానీ హాస్టలున్న స్కూల్లో సీటొస్తే తిండికీ, యూనిఫాంకీ, రేకు పెట్టెకీ, చివరికి పరుపుకీ ఇంట్లోవాళ్లే డబ్బు చూసుకోవాలి. సీటొచ్చీ చేరలేని పిల్లలు అందుకే ఉంటారు.

పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు, ఉత్తరాలన్నీ టీచరు ద్వారానే. ఆ నియమం మంచిదేనని ఇప్పటికీ అంటాను. కాకపోతే మాకు తెలిసిందల్లా టర్ముకోసారి వచ్చే మార్కుల కాగితమూ, దాంతోపాటు ‘నేను బాగా చదువుతున్నాను’ అంటూ మొదలయ్యే ఉత్తరమూ. బాగా చదవడం లేదని ఏ పిల్లాడు రాస్తాడు?

ఈ మధ్య కిసుము వెళ్లే పని పడింది. పాత టీచరుగారికి ఫోన్ చేసి, అప్పటి పిల్లల నంబర్లు మాకివ్వొద్దు, మా నంబరే వాళ్లకివ్వండి, ఇష్టమైతే చేస్తారు అని చెప్పాం.

ముందు చేసింది ఒకమ్మాయి. కెన్యా మెడికల్ ట్రైనింగ్ కాలేజీలో నర్సింగ్ డిప్లొమా చేసి, ఇప్పుడు కౌంటీ ఆసుపత్రిలో పనిచేస్తోంది. విక్టోరియా సరస్సు ఒడ్డున చేపల హోటల్లో కలిశాం. నిండు టిలాపియా చేప వేపుడు, ఉగాలీ అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వికీ అనే ఆకుకూర. నేను చెంచా కోసం చూస్తుంటే నవ్వి, చేత్తో ఉగాలీ ముద్ద చేసి, బొటనవేలితో నొక్కి గుంట చేసి, అందులోకి కూర ఎలా తీసుకోవాలో చూపించింది. చేత్తో తినడం నాకే నేర్పుతోందని నాకూ నవ్వొచ్చింది.

జీతంలోంచి హెల్బ్ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చిన చదువు అప్పు కడుతోంది, తమ్ముడి ఫీజు కడుతోంది, ఊళ్లో అమ్మకు పంపుతోంది. అక్కడి కుర్రాళ్లు దీన్ని ‘బ్లాక్ ట్యాక్స్’ అంటారు. ఇంట్లో మొదటి ఉద్యోగి మీద పడే ఈ పన్నుకు మినహాయింపుల్లేవు. ఇన్ని చెప్పిన మనిషి, బిల్లొచ్చేసరికి నేను పర్సు తీసేలోపే ఫోన్లో హోటలువాళ్ల టిల్ నంబరు కొట్టి, ఫోన్‌తోనే డబ్బు పంపే ఎంపెసాలో కట్టేసింది. నేను గొడవపడ్డాను. “ఆంటీ, నాకు జీతమొస్తోంది” అంది, కాస్త గట్టిగానే. ఇక నోరు మూసుకున్నాను.

రెండోవాడిది వేరే కథ. సెకండరీ చివర్లో రాసే కేసీఎస్ఈ పరీక్షలో కనీసం సీ ప్లస్ వస్తేనే డిగ్రీలో చేరడానికి అర్హత. వాడికి సీ ప్లెయిన్ వచ్చింది, ఒక్క మెట్టు తక్కువ. అంతే, మాయమైపోయాడు. మేం కోప్పడతామనుకున్నాడట. మేం ఒక మాట అన్నామని కాదు, మా డబ్బు దండగైపోయిందని వాడికి వాడే తీర్మానించుకున్నాడు. ఇన్నేళ్లూ ఆ బరువు మోశాడంటే బాధేసింది. మార్కుల కాగితం తప్ప మా మధ్య ఇంకేమీ నడవకపోతే, మార్కులు తగ్గినప్పుడు వాడు మాతో ఏం మాట్లాడతాడు?

ఇప్పుడు కిసుములోని కొండెలేలో సెల్‌ఫోన్ రిపేర్ షాపు పెట్టుకున్నాడు. అప్పటి ఉత్తరాల్లో ఇంజనీరు అవుతానని రాసేవాడు. ఆ సంగతి నేనెత్తలేదు, వాడే ఎత్తి నవ్వాడు. నా ఫోన్ పగిలిన అద్దం చూసి ఊరుకోలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో అంచులు వేడిచేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, ఊపిరి బిగబట్టి పాత అద్దం లేపాడు. పని అయ్యాక డబ్బు తీసుకున్నాడు. ఒక్క షిల్లింగు కూడా తగ్గించలేదు. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

మిగతావాళ్లు ఫోన్ చేయలేదు. మా స్నేహితురాలు టీచరుగారి దగ్గర నంబర్లు తీసుకుని మనమే చేద్దామంది, ఎలా ఉన్నారో తెలుసుకోవద్దా అని. నేను వద్దన్నాను. పేదరికంలో గడిచిన చిన్నతనాన్నీ, దాంతోపాటు మమ్మల్నీ వెనక్కి నెట్టేయాలని ఎవరికైనా అనిపించవచ్చు. ఫీజు కట్టాం కాబట్టి పలకరించి తీరాలని ఎక్కడుంది? మా నంబరు వాళ్ల దగ్గరుంది, నేను మార్చను కూడా.