కార్డిఫ్‌లో మార్చి 1

నిన్న మా వీధి చివరి కమ్యూనిటీ క్లబ్‌లో సెయింట్ డేవిడ్స్ డే, అంటే వేల్స్ వాళ్ళ పండగ. పిల్లల కోటులకి డాఫొడిల్ పూలు, గోడ మీద ఎర్ర డ్రాగన్ జెండా. ఒక పెద్దావిడ పెనం మీద వెల్ష్ కేకులు కాలుస్తోంది. మైదా, వెన్న, ఎండుద్రాక్ష కలిపిన ముద్దని గుండ్రంగా కోసి, రెండు వైపులా కాల్చి, వేడి మీదే పంచదార అద్దుతోంది. "ఇది మా మామ్‌గీ పెనం" అంది. మామ్‌గీ అంటే అమ్మమ్మ.

తర్వాత ఆవిడే నాకు 'లాండాఫ్' (కార్డిఫ్‌లోనే ఒక పేట) అనడం నేర్పించారు. మొదటి అక్షరానికి నాలుకని మన 'ల' దగ్గరే ఉంచి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి వదలాలి. ఎన్నిసార్లు తప్పినా ఓపిగ్గా మళ్ళీ అనిపించారు.

19వ శతాబ్దంలో ఇక్కడ కొన్ని బళ్ళలో వాళ్ళ సొంత భాష వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. ఇంకొకరు దొరికితే అది వాళ్ళ మెడలోకి. సాయంత్రానికి ఎవరి దగ్గరుంటే వాళ్ళకి దెబ్బలు. వింటుంటే నాకు గొంతు పట్టేసింది. తెలుగు మాట్లాడినందుకు మా స్కూల్లో నేనూ ఫైన్ కట్టాను.

అదే భాషకి టీవీ ఛానల్ ఇవ్వకపోతే ఆమరణ దీక్ష చేస్తానని 1980లో వేల్స్ జాతీయవాద నాయకుడు గ్విన్‌ఫర్ ఎవాన్స్ ప్రకటించారు. ప్రభుత్వం దిగొచ్చింది, 1982లో ఎస్‌ఫోర్‌సీ అనే వెల్ష్ ఛానల్ మొదలైంది. పొట్టి శ్రీరాములు గారు గుర్తు రాకుండా ఉంటారా?

పొద్దున్నే మా పాప వీడియో కాల్‌లో అమ్మమ్మకి వెల్ష్ అంకెలు నేర్పుతోంది: ఈన్, దై, త్రీ. అమ్మ వెంటనే "ఒకటి, రెండు, మూడు" అని బదులు చెప్పింది.