ఎం.పి. రావు మాస్టారి 'పి'

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ తరఫున రెండో అప్పలరాజు ఫోన్ చేశాడు. "ఏటి రాయమంటావురా?" అంటే, "నువ్వు వాట్సన్‌వి. నువ్వు రాయకపోతే ఇంకెవలు రాస్తారు?" అన్నాడు. నన్ను ఆ పేరుతో ఎవరైనా పిలిచి నలభై ఏళ్లు దాటింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను.

ఇంకో సంగతి కూడా అడిగాడు. పదో తరగతి ఇంగ్లీషులో మొదటొచ్చిన వాళ్లకి ఏటా ఇవ్వబోయే షీల్డు మీద మాస్టారి పేరు పూర్తిగా చెక్కించాలట. 'పి' అంటే ఏమిటో కమిటీలో ఒక్కరికీ తెలీదట. నాకు తెలుసు. అయినా ఇక్కడే చెప్పను. నేరం చేసిందెవరో ముందే బయటపెట్టేవాడు కథ చెప్పకూడదని ఆయనే కదా మనకి నేర్పారు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. నా బడి తొమ్మిది-బిలో మొదలైంది, మగ సింహాచలం ఒళ్లో కొమ్మూరి సాంబశివరావు గారి పుస్తకం దొరికిన రోజున. అందరం బెత్తం వైపు చూశాం. మాస్టారు పుస్తకం అటూ ఇటూ తిప్పి, "యుగంధర్ అంటే ఎవర్రా?" అన్నారు. "డిటెక్టివ్ సార్, రాజు ఆయన అసిస్టెంటు" అన్నాడు వాడు వణుకుతూ. "ఆ పేరు ముందు ఎవరిది?" గది మొత్తం నిశ్శబ్దం. అప్పుడు వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం నాటకం చెప్పారు. అందులో యుగంధరుడు కాకతీయ మంత్రి. పిచ్చివాడి వేషం కట్టి ఢిల్లీ వీధుల్లో సుల్తానుని పట్టుకుపోతానని అరుస్తూ తిరిగాడు, అన్నమాట నిలబెట్టుకున్నాడు. "ఆ మంత్రి తెలిసినవాడికి ఈ డిటెక్టివ్ పేరు వినగానే సగం మనిషి కనబడతాడు" అన్నారు. పుస్తకం వాడికి తిరిగి ఇచ్చేశారు కూడా. నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆ వారం నుంచే లైబ్రరీ పీరియడ్ డిటెక్టివ్ పీరియడ్ అయిపోయింది. ఇంగ్లీషు వాక్యం చదివేవారు, తెలుగులో కథ నడిపేవారు, పేరు వచ్చిన చోటల్లా ఆగిపోయేవారు. షెర్లాక్ అంటే పాత ఇంగ్లీషులో మెరిసే జుట్టు అని తెలిశాక మన లెక్కల మాస్టారికి ఏం పేరు స్థిరపడిందో మళ్లీ రాయక్కర్లేదు. షెర్లాక్ హోమ్స్ డిటెక్టివ్ కథలు రాసిన కోనన్ డాయిల్ మొదట కాగితం మీద రాసుకున్న పేర్లు షెరిన్‌ఫర్డ్ హోమ్స్, ఆర్మండ్ సాకర్. 1887లో నవల అచ్చయ్యేసరికి హోమ్స్ కథలు మనకి చెప్పే స్నేహితుడు సాకర్ కాస్తా వాట్సన్ అయ్యాడు. వాట్ అంటే వాల్టర్‌కి ముద్దుపేరు, వాట్సన్ అంటే వాట్ కొడుకు. "ఊళ్లో నలుగురికి ఉండే పేరు. అందుకే ఆయన చెబితే నమ్ముతాం" అన్నారు మాస్టారు. ఆ కథలన్నీ నేను నోట్సులో ఎక్కిస్తున్నానని చూసి, చేతిరాత బాగుందని ఆ పేరు నాకిచ్చారు.

మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే అని చెప్పి, అగథా క్రిస్టీ నవలల్లో నేరాలు ఛేదించే పెద్దావిడ మిస్ మార్పుల్‌కి ఆ పేరు చెషైర్‌లో మార్పుల్ హాల్ అనే పాత భవనం నుంచి వచ్చిందన్నారు. బాస్కర్‌విల్ సంగతైతే నాకు కళ్లకి కట్టినట్టుంటుంది. డాయిల్ స్నేహితుడు ఫ్లెచర్ రాబిన్సన్ ఇంట్లో గుర్రబ్బండి తోలే మనిషి హ్యారీ బాస్కర్‌విల్. డాయిల్ రాసిన హోమ్స్ నవలలో అది జమీందారీ వంశం పేరైంది. పుస్తకం వచ్చాక రాబిన్సన్ ఒక ప్రతి మీద, నీ పేరు వాడుకున్నందుకు మన్నించమని రాసి ఆ బండివాడికి ఇచ్చాడు. "అడగకుండా పేరు తీసుకుంటే మన్నించమని అడగాలి. పేరు కూడా ఆస్తే" అన్నారు మాస్టారు. జట్కా తోలే తండ్రి ఉన్న మన తవిటినాయుడు ఆ రోజు తల ఎత్తుకుని ఇంటికెళ్లాడు.

వాట్సన్ మొదటి పేరు జాన్, మధ్యలో హెచ్. 1891 డిసెంబరులో వచ్చిన కథలో మాత్రం భార్య ఆయన్ని జేమ్స్ అని పిలుస్తుంది. డాయిల్ మరిచిపోయి ఉంటాడు. లార్డ్ పీటర్ విమ్సీ కథలు రాసిన డొరొతీ సేయర్స్ ఊరుకోలేదు. హెచ్ అంటే హేమిష్ అయి ఉంటుంది, హేమిష్ అంటే స్కాట్లండ్ వాళ్ల నోట జేమ్సే, భార్య రెండో పేరుని ముద్దుగా పిలుచుకుంది అని తేల్చింది. ఈ ముక్క విన్నాకే మనకి మాస్టారి 'పి' మీద కన్ను పడింది. పాండురంగ అన్నాడు తవిటినాయుడు. ప్రభాకర, పురుషోత్తం, పూర్ణచంద్ర. పందెం పుల్ల ఐసులు. పది పూర్తయ్యేదాకా అటెండెన్సు రిజిస్టరూ, ప్రోగ్రెస్ కార్డులూ వెతికాం. ఎక్కడ చూసినా ఎం.పి. రావే.

ఇక ముగ్గురు గారిడెబ్‌ల కథ. రెండు పీరియడ్లు చెప్పారు, రెండోది పీఈటీ సార్‌ని బతిమాలి తీసుకున్నది. మన ముగ్గురు అప్పలరాజుల కోసమే ఎంచుకున్నారని అప్పుడే తెలుసు. 1925 జనవరి స్ట్రాండ్ పత్రికలో వచ్చిన కథ. గారిడెబ్ అన్నది ఎక్కడా వినపడని ఇంటిపేరు. ఆ ఇంటిపేరున్న మగవాళ్లు ముగ్గురు దొరికితే తలా 50 లక్షల డాలర్లు పంచమని అమెరికాలో ఒక గారిడెబ్ రాసి చనిపోయాడంటూ జాన్ గారిడెబ్ అనేవాడు లండన్ వస్తాడు. అక్కడ నేథన్ గారిడెబ్ అనే పెద్దాయన ఒకే గదిలో ఎముకలూ నాణేలూ సీతాకోకచిలకలూ పోగేసుకుని, దాదాపు గడప దాటకుండా బతుకుతుంటాడు. మూడోవాడు బర్మింగ్‌హామ్‌లో ఉన్నాడని పేపర్లో ప్రకటన చూపించి ఆయన్ని ఊరు పంపిస్తారు. హోమ్స్ ఆ ప్రకటన చదివాడు. వ్యవసాయ పనిముట్ల వ్యాపారి. నాగలి అన్న మాటకి స్పెల్లింగు అమెరికా పద్ధతిలో ఉంది. మాస్టారు రెండు స్పెల్లింగులూ బోర్డు మీద రాసి సుద్దముక్కతో కొట్టారు. బర్మింగ్‌హామ్ వాడు అలా రాయడు. అంటే ఆ మూడోవాడు లేడు. అసలు ఆ జానూ గారిడెబ్ కాదు, ఎవాన్స్ అనే హంతకుడు. ఆ గది నేల కింద ఉన్న దొంగనోట్ల మిషను కోసం ముసలాయన్ని గదిలోంచి కదిలించాలి, అంతే.

చివర్లో వాడు పిస్తోలు పేలిస్తే వాట్సన్ తొడకి తగులుతుంది. అంతవరకూ రాయిలా ఉండే హోమ్స్ పెదవులు వణుకుతాయి. ఆ పేరా మాస్టారు రెండుసార్లు చదివారు. రెండోసారి ఆయన గొంతే సరిగ్గా రాలేదు. ఇంతలో మూడో అప్పలరాజు లేచి, "మరి ఆ తాత ఏటయ్యాడు సార్?" అన్నాడు. ఆశ విరిగి మనిషి కోలుకోలేదు, బ్రిక్స్‌టన్‌లో ఒక నర్సింగ్ హోములో ఉన్నాడని తరవాత తెలిసింది, అంతటితో కథ అయిపోయింది. "అతనికి ఎవలూ లేరా సార్?" అన్నాడు వాడు మళ్లీ. మాస్టారు పుస్తకం మూసేశారు. మర్నాడు ముగ్గురు అప్పలరాజుల్నీ ఒకే బెంచీలోకి మార్చారు. పోయినేడు మొదటివాడికి పక్షవాతం వస్తే మిగతా ఇద్దరూ ఆసుపత్రిలో వంతులేసుకుని పడుకున్నారని నాకు వాళ్లు చెప్పలేదు, నర్సు చెప్పింది.

ఆడ సింహాచలం, మగ సింహాచలం ఒకేసారి "ప్రెజెంట్ సార్" అనేవారు, గుర్తుందా? అప్పన్న సామి పేరు ఎవరికైనా పెట్టుకోవచ్చు. ఇంగ్లీషులో ఎవిలిన్ కూడా అంతే. అగథా క్రిస్టీ 1952లో రాసిన నవల ఆ ఒక్క పేరు చుట్టూ తిరుగుతుంది. 1950 నవలలో పిప్ అనే పేరు మీద అలాంటి మెలికే ఉంది. పుస్తకాల పేర్లు రాయను, చదవనివాళ్లు చదవాలి.

ఆ పాఠం నాకు అన్నం పెట్టింది. ముప్పై ఎనిమిదేళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. జాన్ అన్నా జేమ్స్ అన్నా ఒకే మనిషేనని సేయర్స్ వాదించినట్టు, ఫలానా ఉరఫ్ ఫలానా ఇద్దరూ ఒక్కరేనని ఎన్ని వందల అఫిడవిట్లు రాశానో. ఒకసారి పంపకానికి వచ్చారు అన్నదమ్ములు. పాత దస్తావేజులో భూమి సింహాచలం పేరున ఉంది. కుమారుడో భార్యో తెలిపే చోట చెద తినేసింది. "మా తాత" అన్నారు. నాకు ఎవిలిన్ గుర్తొచ్చింది. పక్క భూమి నకలు తీయించి హద్దులు చదివాను. తూర్పు హద్దు, సింహాచలం పసుపుకుంకుమ భూమి. తాత కాదు, తాత చెల్లెలు. ఆవిడ మనవరాలు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉంది. అన్నదమ్ములు మంచివాళ్లు, వాళ్లే పిలిపించారు. ఆమె నా కొట్లో కూర్చుని వేలిముద్ర వేసిన రోజు నేను మధ్యాహ్నం భోజనం చేయలేకపోయాను, అంత సంతోషం.

పెద్దమ్మాయి కాలేజీలో ఇంగ్లీషు చెబుతోంది. చిన్నమ్మాయి లండన్‌లో ఉద్యోగం. కిందటేడు నన్ను బేకర్ స్ట్రీట్ తీసుకెళ్లింది. 237కీ 241కీ మధ్య ఉన్న మ్యూజియం తలుపు మీద 221బి అని రాసి ఉంది. ఆ గడప మీద నిలబడి మాస్టారి పేరు పైకే అన్నాను, పూర్తి పేరు.

1998లో ఆయన నా కొట్టుకి వచ్చారు, ఇల్లు మేనకోడలికి దానపత్రం రాయించడానికి. "పూర్తి పేరు చెప్పండి మాస్టారూ" అన్నాను కలం తీసి. చాలాసేపు నా వైపు చూశారు. తరవాత మోర్స్ గురించి మొదలుపెట్టారు. కాలిన్ డెక్స్‌టర్ ఆ ఇన్‌స్పెక్టర్ మొదటి పేరుని 1975 నుంచి 1996 దాకా దాచిపెట్టాడు. తీరా చూస్తే ఎండెవర్. ప్రయత్నం అని అర్థం. క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన తల్లి వల్ల వచ్చిన పేరు, కొడుకు ఎవరికీ చెప్పుకోలేని పేరు.

"నాకు ముందు ముగ్గురు పోయార్రా. నన్ను పుట్టగానే పెంట మీద పడుకోబెట్టింది మా అమ్మ. పక్కింటావిడ ఎత్తుకొచ్చి చేటెడు తవుడుకి తిరిగి అమ్మింది. నేను బతికాను. కాలేజీలో నవ్వారని ఒక్క అక్షరం చేసి దాచుకున్నాను. మీకు అందరి పేర్లకీ అర్థం చెప్పాను, అమ్మ పెట్టినదానికి చెప్పలేకపోయాను. పూర్తిగా రాయి." రాశాను. ఆయన కూడా తెలుగులో, పూర్తిగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి సంతకం చేశారు. లేచేటప్పుడు, "మీ పందెం ఎవరు గెలిచారో అందరూ కలిసినప్పుడు చెప్పు" అన్నారు. ఆయనకి తెలుసు!

ఎవరూ గెలవలేదు, తవిటినాయుడూ. రెండో అప్పలరాజూ, షీల్డు మీద పెంటారావు అని చెక్కించు. పొడి అక్షరం వద్దు. 'టా'కి దీర్ఘం ఉంది. చెక్కేవాడికి ఇచ్చేముందు కాగితం నాకు ఒకసారి చూపించు.