హబ్బా కదల్ ఇళ్ళు

శ్రీనగర్‌లోని మన కళాశాల 1960లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలై 2003లో జాతీయ సాంకేతిక సంస్థ (ఎన్.ఐ.టి.) అయింది. సగం సీట్లు ఇతర రాష్ట్రాల వారికి కేటాయించే ఆనాటి పద్ధతి వల్లనే, 1980ల తొలి సంవత్సరాల్లో నావంటి తెలుగు విద్యార్థులు సివిల్ ఇంజినీరింగ్ చదవడానికి శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున ఉన్న హజ్రత్‌బల్‌కు చేరగలిగారు. మన పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం రాయమని మిత్రులు కోరినప్పుడు, హాస్టలు ముచ్చట్ల కంటే ఆ నగరపు సమాజం గురించి రాయడమే న్యాయమనిపించింది. 1990కి ముందరి శ్రీనగర్‌లో కొన్నేళ్ళు కాపురమున్నట్టుగా బతికిన బయటివాళ్ళం ఇప్పుడు తక్కువమందే ఉన్నాం.

సెలవు రోజుల్లో పాత నగరంలోకి వెళ్ళి అలీ కదల్, జైనా కదల్, హబ్బా కదల్ వంతెనల మీదుగా జీలం నది వెంట నడిచేవాళ్ళం. పాఠ్యపుస్తకాల్లో దొరకని నిర్మాణశాస్త్రం అక్కడ కళ్ళెదుట ఉండేది. తాక్ పద్ధతిలో కట్టిన ఇళ్ళలో దళసరి ఇటుక స్తంభాలు పైకి లేస్తాయి. ప్రతి అంతస్తు దగ్గరా గోడ లోపలి నుంచీ బయటి నుంచీ దేవదారు దూలాలు పట్టీల్లా సాగి, అడ్డకర్రలతో ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. ధజ్జీ దేవారీ పద్ధతిలో చెక్క చట్రాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో మట్టితో ఇటుకముక్కలో రాళ్ళో కూరుస్తారు. భూమి కంపించినప్పుడు ఒక గడిలో పుట్టిన పగులు పక్క గడికి పాకదు, గోడ ఊగుతుందే గాని కుప్పకూలదు. 2005 అక్టోబరు 8 నాటి భూకంపంలో నాసిరకం కాంక్రీటు ఇళ్ళు కూలిన చోట్ల ఈ పాత ఇళ్ళు చాలావరకు నిలబడ్డాయని తరువాత పరిశీలించిన ఇంజినీర్లు రాశారు. మేకు ఒక్కటి కూడా లేకుండా చెక్కముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడ్చిన ఖతంబంద్ పైకప్పు కింద కూర్చుని, సమోవార్ అనే టీ పాత్ర నుంచి వంచిన ఉప్పు టీ తాగుతూ, ఆ పనితనాన్ని తలెత్తి చూస్తూ ఉండిపోయిన సాయంకాలాలు నాకు చాలానే ఉన్నాయి.

ఆ ఇళ్ళలో ఒకటి మా తరగతిలోని పండిత్ (కశ్మీరీ హిందూ) మిత్రుడిది. పక్కిల్లు ఒక ముస్లిం కుటుంబానిది. పండితులు శివరాత్రిని హేరథ్ అంటారు. పూజకుండలో నీళ్ళుపోసి అక్రోట్లను నానబెట్టి, పూజ ముగిశాక వాటిని బంధువులకూ ఇరుగుపొరుగుకూ పంచుతారు. మర్నాటిని 'సలాం' అంటారు. ఆ రోజు ముస్లిం పొరుగువారు శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చేవారు. లల్లేశ్వరి అని పండితులూ, లల్ ఆరిఫా అని ముస్లింలూ పిలుచుకునే 14వ శతాబ్దపు భక్త కవయిత్రి లల్ దేద్, తరువాత సూఫీ సాధువుగా పేరొందిన నుంద్ రిషికి పసితనంలో పాలిచ్చిందన్న కథను మిత్రుడి తల్లిగారూ చెప్పారు, పక్కింటి పెద్దాయనా చెప్పారు. అయితే అంతా సామరస్యమేనని నేను రాయలేను. ఉద్యోగాల గురించీ రాజకీయాల గురించీ మాట వచ్చినప్పుడు గొంతులు తగ్గించుకునేవాళ్ళు రెండు వైపులా ఉండేవారు.

తరువాత జరిగింది దేశమంతటికీ తెలుసు. 1987 ఎన్నికల మీద రేగిన అసంతృప్తి, 1989 నుంచి సాయుధ పోరాటం, 1990 జనవరి మొదలుకొని పండితుల వలస. మిత్రుడి కుటుంబం జమ్మూకు చేరింది. మన తరువాత చేరిన బయటి రాష్ట్రాల విద్యార్థులు చదువు మధ్యలోనే కళాశాల వదలవలసివచ్చింది. లోయలో మిగిలినవాళ్ళు ఎదురుకాల్పులూ, కర్ఫ్యూలూ, అదృశ్యమైన కొడుకుల కోసం ఎదురుచూపులూ భరించారు; భర్త బతికున్నాడో లేడో తెలియని స్త్రీలను అక్కడ 'సగం వితంతువులు' అంటారు. 1995 మేలో నుంద్ రిషి సమాధి ఉన్న చరారె షరీఫ్ దర్గా తగలబడింది. ఒకరి దుఃఖం చెప్పడానికి రెండోవారి దుఃఖాన్ని కాదనవలసిన పని లేదని నేను గట్టిగా నమ్ముతాను. మన సమావేశాల్లో కూడా ఈ విషయం మీద మాటలు పెరిగి, మిత్రులు మిత్రులకు దూరమైన సందర్భాలున్నాయి గనుక ఈ మాట ఇక్కడే రాస్తున్నాను.

ఆశకు ఆధారాలు లేకపోలేదు. 2003లో కశ్మీరును భారత్, పాకిస్తాన్‌ల మధ్య విడదీసే నియంత్రణ రేఖ వెంట కాల్పుల విరమణ కుదిరాక, 2005 ఏప్రిల్‌లో శ్రీనగర్ నుంచి రేఖకు ఆవలనున్న ముజఫరాబాద్‌కు బస్సు నడిచింది. దశాబ్దాలుగా చూసుకోని అన్నదమ్ములు కలుసుకున్నారు. ఆ బస్సు ఆగిపోయింది గాని, అది సాధ్యమేనని తేలింది. 2023 మార్చిలో తీత్వాల్‌లో నియంత్రణ రేఖ పక్కనే శారదా ఆలయం తెరిచారు; అందులోని విగ్రహం శృంగేరి నుంచి వెళ్ళింది. అక్షరాభ్యాసం నాడు 'కాశ్మీర పురవాసిని' అని మన పిల్లలు తలచుకునే అమ్మవారు ఆమే. తుల్‌ముల్లాలో ఖీర్ భవాని జాతరకు ఏటా వచ్చే పండితులకు పూజాద్రవ్యాలు అమ్మేవారిలో స్థానిక ముస్లింలు ఉన్నారు.

2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. వారిలో విశాఖపట్నం, కావలి వారూ ఉన్నారు. పర్యాటకులను గుర్రాల మీద తిప్పే ఒక స్థానిక ముస్లిం యువకుడూ ఉన్నాడు. మర్నాడు లోయ అంతటా దుకాణాలు మూసి జనం వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. ఆ తరువాత కొన్ని రాష్ట్రాల్లో చదువుకుంటున్న కశ్మీరీ విద్యార్థులు బెదిరింపులకు గురై ఇళ్ళకు బయలుదేరారన్న వార్తలు చదివినప్పుడు నాకు నిద్రపట్టలేదు.

శాంతి అంటే తుపాకులు మూగబోవడం మాత్రమే అని నేను అనుకోను. పండితులు కాపలా మధ్య కట్టిన కాలనీలకు గాక, తాము కోరుకుంటే తమ పాత వీధులకే తిరిగి వెళ్ళగలగాలి. అదృశ్యమైనవారి కుటుంబాలకు నిజం తెలియాలి. ఈ రెండూ మన చేతుల్లో లేవు. మన చేతుల్లో ఉన్నవి రెండున్నాయి. హబ్బా కదల్‌లో పాడుపడుతున్న పండితుల ఇళ్ళను, యజమానుల అనుమతితో, సివిల్ చదివిన మనం కొలతలు తీసి, బొమ్మలు గీసి, బాగుచేయడానికి ఎంతవుతుందో లెక్కగట్టి ఇవ్వగలం. ఇక హైదరాబాదులోనో వరంగల్లులోనో చదువుకుంటున్న కశ్మీరీ పిల్లల కోసం, ఉద్రిక్త సమయాల్లో ఫోను చేస్తే వెంటనే ఇంటికి తీసుకువెళ్ళగల తెలుగు కుటుంబాల జాబితా ఒకటి తయారుచేయగలం. రెండిటికీ ముందుకు వచ్చేవారు ఈ సంచిక సంపాదకులకు తమ పేర్లు పంపవలసిందిగా కోరుతున్నాను. మొదటి పనికి నా పేరు ఇప్పటికే ఇచ్చాను.