కిస్మిస్ తిన్న కుక్క, నవ్విన క్లినిక్

నిన్నటి దాకా టెన్షన్‌తో నిద్ర లేదు, ఇప్పుడు కోపంతో రాస్తున్నా. వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటానికొచ్చిన మా మేనత్త, “ప్రసాదమే కదే, ఏమవుతుంది?” అంటూ మా బ్రూనోకి దొన్నె నిండా చక్కెర పొంగలి పెట్టేసింది. అందులో నేతిలో వేయించిన కిస్మిస్ దండిగా ఉంది. ద్రాక్ష, ఎండు ద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ఎవరూ చెప్పలేరు, ఒక కుక్కకి గుప్పెడు తిన్నా ఏమీ కాదు, ఇంకోదానికి కొంచెం తిన్నా ముప్పే.

వాంతి అవ్వడానికి ఉప్పునీళ్లు పట్టించమన్నాడు పక్కింటాయన. ఆ పని ఎప్పుడూ చేయకండి, ఉప్పు ఎక్కువైతే అదే విషమవుతుంది.

మేం చూపించే డాక్టర్ ఊళ్లో లేరు, రాత్రి తెరిచుండే ఇంకో క్లినిక్‌కి పరిగెత్తాం. కౌంటర్ దగ్గర కుర్రాడు ముందు వ్యాక్సిన్ బుక్ అడిగాడు, తర్వాత ఫీజు అడిగాడు, ఆ తర్వాతే కుక్కకేమైందని అడిగాడు. చెప్పగానే లోపలికి తిరిగి “అన్నా, పొంగలి తిన్నదంట!” అని కేకేశాడు. కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. “మా ఊరి కుక్కలు చచ్చిన గొడ్డును తిన్నా హాయిగా తిరుగుతాయి” అని ఓ పెద్దమనిషి అందుకున్నాడు. డ్యూటీ డాక్టరైనా పట్టించుకుంటాడనుకుంటే, “ద్రాక్షకి ఇంత హడావుడేంటి మేడమ్, వాంతులైతే రేపు తీసుకురండి” అన్నాడు. రేపు దేనికి? ఎంత తొందరగా కక్కిస్తే అంత ఫలితం కదా!

నేనూ ఊరుకునే రకం కాదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చంటూ 2022లో వచ్చిన పరిశోధనను ఫోన్‌లో తీసి ఆయన ముందు పెట్టా. చదివాడు, పక్కకెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు, తిరిగొచ్చి నా మొహం చూడకుండా ఇంజెక్షన్ తెమ్మన్నాడు. కాసేపటికే నీళ్లు పీల్చి ఉబ్బిన కిస్మిస్‌లు, మెతుకులు, విరగని జీడిపప్పు బద్ద ఒకటి, అన్నీ నేలమీదికొచ్చాయి. తుడిచింది ఆ కౌంటర్ కుర్రాడే, నేను నిలబడి చూశా.

తర్వాత సెలైన్, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షలు. అన్నీ నార్మలే.

పండగ పూట పులిహోర కూడా పెట్టకండి, చింతపండులోనూ అదే ఆమ్లం ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూరలు, చాక్లెట్, జైలిటాల్ ఉన్న షుగర్‌ఫ్రీ స్వీట్లు కూడా వద్దు. వ్యాక్సిన్ బుక్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. బోర్డు చూసి వెళ్లకుండా, వాంతి చేయించే ఇంజెక్షన్ ఉందా అని ముందే ఫోన్‌లో అడగండి, నీళ్లు నమిలారంటే ఇంకో చోటికి పొండి.