సరాసరి వడి: ఘాట్ రోడ్డు దిగుతూ అర్థమైన లెక్క

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఒకరోజు రాత్రి చలనం పాఠంలోని లెక్క పట్టుకొచ్చింది. ఒక కారు పక్క ఊరికి గంటకు 60 కి.మీ. వడితో వెళ్లి, అదే దారిలో 40తో తిరిగొచ్చింది. సరాసరి వడి ఎంత? నేను చదివింది బీకాం. రెండూ కూడి సగం చేయడమే కదా అని, 50 అని చెప్పేసి టీవీ వైపు తిరిగాను. మర్నాడు నోట్సులో ఇంటూ మార్కు. "48 అంట నాన్నా."

ఆ రెండు ఎక్కడికి పోయాయో నాకు అంతుపట్టలేదు. అసలు దూరం ఇవ్వకుండా జవాబెలా వస్తుందని ఇంకో అనుమానం. ఊరు 120 కి.మీ. దూరంలో ఉందనుకుని వేసి చూశాను. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3. మొత్తం 240 కి.మీ., 5 గంటలు. భాగిస్తే 48. దూరం 60 అనుకున్నా అంతే వచ్చింది. సరేనన్నాను గానీ మనసు ఒప్పుకోలేదు.

ఒప్పుకున్నది రెండు నెలల తర్వాత, తిరుమల నుంచి దిగేటప్పుడు.

ఘాట్ రోడ్డు మొదట్లో టైము వేసిన చీటీ ఇస్తారు, చివర్లో చూస్తారు. మేము వెళ్లినప్పుడు ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 పట్టాలి. ముందే చేరితే ఫైను. దిగేది 1944 నాటి పాత రోడ్డు, దాదాపు 19 కి.మీ., 36 మలుపులు. స్టీరింగు బావ చేతిలో ఉంది. మలుపు మలుపుకీ అక్క గోవిందా అంటూనే ఉంది. అరగంటకే కిందికొచ్చేశాం. గేటు ఇంకాస్త దూరముందనగా బావ బండి పక్కకు తీశాడు. అక్కడ అప్పటికే నాలుగు కార్లు ఆగి ఉన్నాయి, అందరిదీ అదే పని.

"మామయ్యా, ఇప్పుడు మన వడి సున్నా. కానీ సరాసరి వడి ఇంకా తగ్గుతూనే ఉంది" అంది మా అమ్మాయి. ఫోన్లో వేసి చూపించింది. 19 కి.మీ. అరగంటలో అయితే గంటకు 38. 35 నిమిషాలైతే 32.6. 40 అయితే 28.5.

అప్పుడు వెలిగింది నాకు. బండి ఆగినా గడియారం ఆగదు. ఆ లెక్కలో కారు 60తో నడిచింది 2 గంటలే, 40తో 3 గంటలు. ఎక్కువ సేపు నడిచిన వడి వైపే సరాసరి జరిగింది. రెండు వడుల్లోనూ తలా గంట నడిపి ఉంటే నా 50 సరిపోయేది.

అన్నట్టు, చీటీ చూసినవాళ్లకు మేము బుద్ధిగా 28.5తో దిగినట్టే. మలుపుల్లో బావ చేసిన విన్యాసాలు ఆ అంకెలో ఎక్కడా కనబడవు.

"అలిపిరిలో బయల్దేరి అలిపిరికే వచ్చాం. మన సరాసరి వేగం ఎంత నాన్నా?" అని మళ్లీ మొదలెట్టింది. వాళ్ల పుస్తకంలో వడి వేరు, వేగం వేరు. వేగానికి తిరిగిన దారంతా అక్కర్లేదు, బయల్దేరిన చోటు నుంచి చివరికి ఎటు, ఎంత దూరం జరిగామన్నదే లెక్క. ఈసారి తొందరపడలేదు. గేటు దాటాక చెప్పాను, సున్నా అని.