యాభై మూడు

పడుకుందామని లైటు ఆర్పేసి మళ్ళీ లేచాను. మధ్యాహ్నం విన్న మాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. ఈయన ఒకసారి కళ్ళు తెరిచి చూసి, అటు తిరిగి పడుకున్నారు.

బుజ్జిదానికి సెలవులిచ్చారు కదా, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానంటే పైథాన్ అనే భాష పెట్టించాను. ఆ సంగతి ఆఫీసులో భోజనాల దగ్గర అన్నాను. ఇంకేముంది! పిల్లలకి స్క్రాచే మంచిదని ఒకావిడ, బ్రౌజర్ ఉంటే చాలు జావాస్క్రిప్ట్ మొదలెట్టెయ్యొచ్చని ఇంకొకతను. ఏ ఎడిటర్‌లో రాయించాలన్న దాని మీద కూడా ఓ పావుగంట నడిచింది. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో మా పక్క సీటాయన అందుకున్నారు. "సీ రాకుండా నేర్చుకున్నది ప్రోగ్రామింగే కాదండీ. పైథాన్‌తో మొదలుపెట్టినవాళ్ళకి లోపల ఏం జరుగుతుందో జన్మలో తెలీదు."

జన్మలో అట. దానికి పదకొండేళ్ళు. ఆయన ఆ పిల్లని చూడనైనా లేదు. అది ఏం చెయ్యాలనుకుంటోందని ఆయనే కాదు, అక్కడున్న ఒక్కరూ అడగలేదు. పదాలాట ఒకటి సొంతంగా తయారుచేసి వాళ్ళ తమ్ముడితో ఆడించాలని దాని కోరిక. అది చెప్పే సందు కూడా నాకు దొరకలేదు.

ఇలాంటి తీర్పులు ఈనాటివి కావు. సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడుకోగలగాలని కెమెనీ, కర్ట్జ్ అనే ప్రొఫెసర్లు 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో బేసిక్ అనే భాష తయారుచేశారు. 1975లో డైక్‌స్ట్రా అంతటి కంప్యూటర్ శాస్త్రవేత్త, ముందే బేసిక్ అలవాటైన విద్యార్థులకి మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని రాశాడు. లినక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది వాళ్ళ తాతగారి కమొడోర్ కంప్యూటర్ మీద బేసిక్‌తోనే! ఇదంతా నేను సీటుకొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. అప్పుడే అని ఉంటే ఇప్పుడు హాయిగా నిద్రపోయేదాన్ని.

నా మొదటి భాష సీ. ఆ నీలం తెర, పసుపు అక్షరాలు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. రెండు సంఖ్యల్ని హెచ్చవేసే ప్రోగ్రామ్ రాశాను. 5, 6 ఇస్తే 30 వచ్చింది. 20, 40 ఇస్తే 800. సరదాకి 300, 300 ఇచ్చాను. 24464 అంది. తప్పు కొట్టానేమోనని మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ 24464. ప్రతి అక్షరం వేలు పెట్టి చదువుకున్నాను, ఎక్కడా తప్పు లేదు. ల్యాబ్ సారు నా వెనక నుంచి వంగి చూసి, "ఇంట్ తీసేసి లాంగ్ పెట్టు, కింద పర్సెంట్ డీని పర్సెంట్ ఎల్‌డీ చెయ్యి" అని పక్క మిషన్ దగ్గరికి వెళ్ళిపోయారు. పెట్టాను. 90000 వచ్చింది. రికార్డులో సంతకం కూడా పడింది. నాకు మాత్రం ఆ 24464 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు.

దాదాపు రెండు వారాలు అది నన్ను వదల్లేదు. ఓ రోజు నోట్‌బుక్ వెనక అట్ట మీద ఊరికే 90000లోంచి 24464 తీసేసి చూశాను. 65536. అంటే 2ని పదహారుసార్లు హెచ్చవేస్తే వచ్చేది! ఇంట్ అంటే పూర్ణసంఖ్య. మేం రాసిన సీని మిషన్ భాషలోకి మార్చే ఆ కంపైలర్‌లో దానికి ఇచ్చే చోటు రెండే బైట్లు, అంటే సున్నాలో ఒకట్లో పట్టే పదహారు గళ్ళు, బిట్లు. 32767 దాటితే పట్టదు. పట్టనిది పైనుంచి జారిపోగా మిగిలిందే నాకు కనిపించింది. ఆ రోజు క్లాసులో ఇంకేం చెప్పారో నాకు గుర్తులేదు.

ఇంతవరకూ రాశాక, పక్క సీటాయన మీద అంత కోపం అక్కర్లేదేమో అనిపిస్తోంది. ఆ మాటలో ఎంతో కొంత నిజముంది. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకి ఆ హద్దే లేదు. వంద అంకెల సంఖ్యని ఇంకో వంద అంకెల సంఖ్యతో హెచ్చవేసినా తప్పు లేకుండా చెప్పేస్తుంది. బుజ్జికి ఆ 24464 ఎప్పటికీ ఎదురుపడదు. నేను రెండు వారాలు తన్నుకులాడి తెలుసుకున్నది దానికి దక్కకుండా చేశానా?

కానీ సాయంత్రం ఫోన్ చేసింది కదా. "పిన్నీ, ఐదూ మూడూ కలపమంటే యాభై మూడు అంటోంది!" గొంతులో ఎంత ఆశ్చర్యమో. నేనేమో అప్పుడు పనిలో ఉండి, "ఇన్‌పుట్‌కి ముందు ఇంట్ అని రాసి, మొత్తం బ్రాకెట్లలో పెట్టు" అన్నాను. పెట్టింది. "ఎనిమిదొచ్చింది పిన్నీ" అని ఫోన్ పెట్టేసింది.

ల్యాబ్ సారు చేసిందే నేనూ చేశాను. మాట కూడా అదే, ఇంట్. మధ్యాహ్నం నుంచీ పక్క సీటాయన మీద ఉడికిపోతున్నానని అనుకుంటున్నాను గానీ, నన్ను లేపి కూర్చోబెట్టింది ఇదేనన్నమాట.

రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యాలి. ఆ ఇంట్ తీసెయ్యమనాలి. మళ్ళీ యాభై మూడే రావాలి. ఆ తర్వాత ఐదు బదులు తన పేరు, మూడు బదులు తమ్ముడి పేరు కొట్టి చూడమనాలి. నేనేమీ చెప్పకూడదు. ఎంతసేపైనా సరే, ఫోన్ పట్టుకునే కూర్చుంటాను.