సైటేషన్లు ఎన్ని అని అడిగే ముందు

ఈ వారం అనంతపురంలో మా ఎమ్మెస్సీ పిల్లలతో వాసన మీద వచ్చిన పాత పరిశోధన పేపర్లు చదివించాను. ఒకమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: “సార్, దీనికి సైటేషన్లు ఎన్ని?” అంటే, దీన్ని ఎన్ని ఇతర పేపర్లు ప్రస్తావించాయని. మనసు చివుక్కుమంది. తప్పు ఆ పిల్లది కాదు, ఇంటర్వ్యూల్లో మమ్మల్నీ అదే అడుగుతారు.

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పరిశోధకుల పనిని సైటేషన్లతో కొలిచే హెచ్-ఇండెక్స్ లెక్క ప్రతిపాదించాడు. కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉంటే స్కోరు 20. ఒకే పేపర్‌కి వేల సైటేషన్లొచ్చినా అక్కడ ఒకటిగానే లెక్క. లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో ముక్కులో వాసనని పట్టే గ్రాహకాల జన్యువుల మీద రాసిన పేపర్ అలాంటిదే. వాళ్లకొచ్చిన 2004 నోబెల్‌కి మూలం అదే మరి!

ఎండిన నేల మీద వాన పడితే వచ్చే మట్టి వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టింది ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు, 1964లో. ఎండిన మట్టి, రాళ్ల నుంచి ఆవిరితో నూనె తీసి చూపించారు. ఆ పేపర్ చదివాక శెనక్కాయ చేను ఎర్రమట్టిని బీకర్లో పోసి నీళ్లు చిలకరించాం. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మరీ వాసన చూశారు. అందులో మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థాన్ని లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా మన ముక్కు పట్టేస్తుంది.

ఆ తర్వాత ప్రశ్నలు మారాయి. ఎండితేనే ఎందుకంత ఘాటు? నల్లరేగడిది వేరేగా ఉంటుందా? వచ్చే వారం రెండు మట్టులూ తెమ్మన్నాను.